మా అక్క అడిగిన పథ్యం ప్రశ్న

గత సంవత్సరం మే నెలలో ఒక రాత్రి రెండు గంటల వేళ ఫోన్ మోగింది. అరండల్‌పేటలో ఉంటున్న మా అక్క చేసింది. ఆ వేళప్పుడు ఆమె పేరు కనిపించేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆమె మనవడికి, అంటే నా మేనకోడలి కొడుకుకు, అంతకు మూడు వారాల ముందే ఎముక మజ్జ పరీక్ష చేసి అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేల్చారు. విజయవాడలోని ఒక ఆసుపత్రిలో వైద్యం జరుగుతోంది. సూదిమందు లేని రోజుల్లో పిల్లవాణ్ని గుంటూరు తీసుకువచ్చి అమ్మమ్మ దగ్గర ఉంచుతున్నారు.

"ఒరేయ్, జ్వరమేమీ లేదు, కంగారుపడకు," అని ముందే చెప్పి, ఆమె ఒక్కటే అడిగింది. "వీడు ఆకలి ఆకలి అని ఏడుస్తున్నాడు. పెసరట్టు కావాలంటాడు. వెయ్యమంటావా, వద్దంటావా? నాకేమీ పాలుపోవడం లేదు."

ఆ సందేహం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో మర్నాడు తెల్లవారాక వారి ఇంటికి వెళ్ళినప్పుడు తెలిసింది. బంధువుల్లో ఎవరో మేలు కోరే వాట్సాప్‌లో ఒక పట్టిక పంపించారు. క్యాన్సర్ కణాలకు ఆస్పరాజిన్ అనే పదార్థమే ఆహారమని, అది ఉన్న పప్పులు, బంగాళాదుంపలు, గుడ్లు, కోడిమాంసం, సోయా, మొలకలు పూర్తిగా మానిపిస్తే జబ్బు దానంతట అదే మాడిపోతుందని అందులో ఉంది. పిల్లవాడికి ఎక్కిస్తున్న మందు పేరు కూడా ఆస్పరాజినేజే కావడంతో, మందు పేరూ పట్టికలోని పేరూ కలవడం చూసి మా అక్క ఆ పట్టికను గట్టిగా నమ్మింది. మూడు రోజులుగా ఆ బిడ్డకు చారన్నం, మజ్జిగన్నం తప్ప వేరే ఏమీ పెట్టలేదు. వైద్యంలో భాగంగా ఇస్తున్న ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర పిల్లల్లో విపరీతమైన ఆకలి పుట్టిస్తుంది. ఆ ఆకలికి నిద్రలోంచి లేచి ఏడుస్తున్న అయిదేళ్ళ పిల్లవాణ్ని, వాడి మంచి కోసమే అనుకుంటూ, మా అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుని పస్తు పెడుతోంది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు జీవరసాయన శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఆస్పరాజినేజ్ గురించి నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అది ఒక ఎంజైమ్, అంటే రసాయన మార్పులను నడిపించే మాంసకృత్తి. అయినా ఆ ఎంజైమ్ చేసే పనికీ, ఇంట్లో పెట్టే తిండికీ ఉన్న సంబంధం గురించి ఒక అమ్మమ్మకు అర్థమయ్యేలా చెప్పవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. ఆ ఉదయం నేను ఆమెకు చెప్పిన దాన్ని, ఆ తరువాతి నెలల్లో ఆసుపత్రిలో చూసిన దానితో కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పట్టిక ఇంకో ఇంటికి కూడా చేరుతుందని నాకు తెలుసు.

ఆస్పరాజిన్ అనేది మన శరీరంలోని మాంసకృత్తులను కట్టే ఇరవై అమైనో ఆమ్లాలలో ఒకటి. అమైనో ఆమ్లాలలో మొట్టమొదట వేరుచేయగలిగింది దీన్నే. 1806లో ఫ్రాన్సులో వోక్లాఁ, రోబికే అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఆస్పరాగస్ అనే కూరమొక్క రసం నుంచి దీని స్ఫటికాలు తీశారు, ఆ మొక్క పేరే దీనికి పెట్టారు. మన పొలాల గట్ల మీద, కంచెల వెంబడి అల్లుకునే పిల్లిపీచర కూడా ఆ కుటుంబంలోదే. మొక్కలు నత్రజనిని ఒక చోటి నుంచి మరొక చోటికి చేరవేయడానికి ఆస్పరాజిన్‌ను వాడుకుంటాయి కనుక మొలకెత్తుతున్న పప్పుగింజలలో అది బాగా పేరుకుంటుంది. అంతవరకు వాట్సాప్ పట్టికలో అబద్ధమేమీ లేదు.

తప్పు ఆ తరువాతి మాటలో ఉంది. ఆస్పరాజిన్ మనం తిండి ద్వారానే తెచ్చుకోవలసిన అమైనో ఆమ్లం కాదు. కాలేయం మొదలుకొని మన శరీరంలోని కణాలలో చాలావరకు ఆస్పర్టిక్ ఆమ్లానికి గ్లుటమిన్ నుంచి తీసుకున్న నత్రజనిని జతచేసి ఆస్పరాజిన్‌ను సొంతంగా తయారుచేసుకుంటాయి. ఈ పనిని ఆస్పరాజిన్ సింథటేజ్ అనే మరొక ఎంజైమ్ చేస్తుంది. అందుచేత పిల్లవాడికి పప్పు మానిపించినా, గుడ్డు మానిపించినా వాడి రక్తంలో ఆస్పరాజిన్ అడుగంటదు, ఎందుకంటే కాలేయం రాత్రింబవళ్ళు దాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. తిండి తగ్గినందువల్ల కండ కరుగుతుంది, పుండు మానదు, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. జబ్బు కణానికి మాత్రం ఒక్క పూట కూడా తిండి తప్పదు.

ఈ రకం ల్యుకేమియా కణాలలో చాలావాటికి ఒక లోటు ఉంది. వాటిలో ఆస్పరాజిన్ సింథటేజ్ మరీ తక్కువ. ఆరోగ్యంగా ఉన్న కణం ఇంట్లో వంట చేసుకుని తింటుంటే, ఈ కణం పూర్తిగా హోటల్ భోజనం మీద, అంటే రక్తంలో ప్రవహించే ఆస్పరాజిన్ మీద ఆధారపడి బతుకుతుంది. ఆస్పరాజినేజ్ ఎంజైమ్ రక్తంలోని ఆస్పరాజిన్‌ను నీటితో కలిపి ఆస్పర్టిక్ ఆమ్లంగా, అమ్మోనియాగా విడగొట్టేస్తుంది. కాలేయం ఎంత తయారుచేసి పంపినా దొరికింది దొరికినట్టు విరిచేస్తుంది. హోటల్ మూతపడింది. వంట చేసుకోగలిగిన కణాలు ఎలాగో గడుపుకుంటాయి. చేతకాని ల్యుకేమియా కణంలో మాంసకృత్తుల తయారీ నిలిచిపోయి అది చనిపోతుంది. మా అక్కకు ఈ హోటల్ పోలికతోనే విషయం బోధపడింది. "అయితే పథ్యం చేయించేది మందేనన్నమాట, నేను కాదు," అంది.

ఈ లోటు సంగతి ముందుగా తెలిసి ఎవరూ ఈ మందు తయారుచేయలేదు. 1953లో న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలలో జాన్ కిడ్ అనే శాస్త్రవేత్త, లింఫోమా అనే క్యాన్సర్ గడ్డలున్న ఎలుకలకు గినీ పిగ్ రక్తపు సీరం, అంటే గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడే తేట ద్రవం, ఎక్కించినప్పుడు ఆ గడ్డలు కరిగిపోవడం గమనించాడు. గుర్రం సీరానికీ, కుందేలు సీరానికీ ఆ శక్తి కనిపించలేదు. గినీ పిగ్ సీరంలో ఆస్పరాజినేజ్ సమృద్ధిగా ఉంటుందని క్లెమెంటి అనే శాస్త్రవేత్త 1922లోనే ప్రకటించి ఉన్నాడు, కాని ఈ రెండు సంగతులనూ కలిపి చూసినవారు లేరు. 1961లో జాన్ బ్రూమ్ ఆ ముడి విప్పాడు. ఆస్పరాజిన్ లేకుండానే పెరగడం అలవాటు చేసిన గడ్డ కణాలను గినీ పిగ్ సీరం ఏమీ చేయలేకపోయిందని చూపించి, పనిచేస్తున్నది ఆస్పరాజినేజేనని ఆయన వాదించాడు. ముప్పై తొమ్మిదేళ్ళపాటు ఏదో గ్రంథాలయంలో అట్టల మధ్య పడి ఉన్న చిన్న పరిశోధన పత్రం ఒకటి ఆ విధంగా పసిపిల్లల ప్రాణాల దాకా వచ్చింది. ఈ ఘట్టం చెప్పిన ప్రతిసారీ తరగతిలో నా గొంతు కొంచెం పట్టుకునేది.

వైద్యానికి సరిపడా ఎంజైమ్‌ను గినీ పిగ్‌ల నుంచి తీయడం సాధ్యమయ్యే పని కాదు. 1964లో మాష్‌బర్న్, రిస్టన్ అనే ఇద్దరు, మన పేగుల్లో నివసించే ఇ. కోలై బాక్టీరియా నుంచి తీసిన ఆస్పరాజినేజ్ కూడా గడ్డలను అణచగలదని నిరూపించడంతో దారి తెరుచుకుంది. బాక్టీరియాను పెద్ద పాత్రలలో ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు. అమెరికాలో 1978లో దీనికి మందుగా అనుమతి లభించింది.

ఈ ఎంజైమ్ పనిచేయడం నేను కళ్ళారా చూసింది మాత్రం ఆసుపత్రిలో కాదు, మా కళాశాల ప్రయోగశాలలో. విద్యార్థులు చుట్టుపక్కల మిరప పొలాల నుంచి గుప్పెడు మట్టి తెచ్చి, ఆస్పరాజిన్ కలిపిన అగార్ అనే జెల్లీ పోసిన పళ్ళేల మీద అందులోని సూక్ష్మజీవులను పెంచేవారు. ఆ అగార్‌లో ఫినాల్ రెడ్ అనే రంగు కలుపుతాము. పళ్ళెం మొదట పసుపుపచ్చగా ఉంటుంది. రెండు మూడు రోజులకు ఏ జీవి ఆస్పరాజినేజ్‌ను విడుదల చేస్తుందో దాని చుట్టూ మాత్రమే గులాబీరంగు వలయం ఏర్పడుతుంది, ఎందుకంటే వెలువడిన అమ్మోనియా అక్కడి అగార్‌ను క్షారగుణంలోకి మారుస్తుంది. ఎంజైమ్ బలాన్ని కొలవవలసి వచ్చినప్పుడు నెస్లర్ ద్రావణం వాడేవాళ్ళం. అమ్మోనియా ఉన్న కొద్దీ పరీక్షనాళికలోని ద్రవం లేత పసుపు నుంచి ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. మా అక్కను కూర్చోబెట్టి, నా పాత ఫోన్‌లో ఉన్న ఆ పళ్ళెం ఫొటో చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఆ గులాబీ వలయాన్ని వేలితో తాకి చూసి, ఇదేనా వాడి ఒంట్లో జరుగుతున్నది అని అడిగింది. వాడి ఒంట్లో రంగు కనిపించదు కాని జరిగేది అదేనని చెప్పాను.

ఈ మందు పెళుసైనది. చిన్న గాజుసీసాలో తెల్లటి పొడిగా వస్తుంది, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. నీళ్ళు కలిపినప్పుడు సీసాను గట్టిగా ఊపకూడదు, మెల్లగా తిప్పాలి. గట్టిగా ఊపితే నురగ వచ్చి మాంసకృత్తి ఆకారం చెడుతుంది, ఆకారం చెడిన ఎంజైమ్ పనిచేయదు. మొదటిసారి బయటి దుకాణంలో మందు కొన్నప్పుడు అక్కడివారు సీసాను మామూలు ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చారు. రోహిణి కార్తె ఎండలో నా మేనకోడలి భర్త దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ఆటోలో ఆసుపత్రికి చేరాడు. నర్సు ఆ సీసాను చేత్తో పట్టుకుని చూసి, వెచ్చగా ఉందని, ఎక్కించనని కచ్చితంగా చెప్పింది. డబ్బు పోయిందని ఆ రోజు అందరూ బాధపడ్డారు. నేను మాత్రం ఆ నర్సుకు మనసులో దండం పెట్టుకున్నాను. ఎండకు పాడైన ఎంజైమ్‌ను ఎక్కిస్తే పైకి ఏ తేడా తెలియకపోవచ్చు, ల్యుకేమియా కణాలకు మాత్రం హోటల్ తెరిచే ఉంటుంది. ఆ తరువాత ప్రతిసారీ థర్మోకోల్ పెట్టె, అందులో ఐసు సంచులు లేకుండా ఎవరూ దుకాణానికి వెళ్ళలేదు.

బాక్టీరియా నుంచి వచ్చిన మాంసకృత్తి కనుక శరీరం దీన్ని పరాయిదిగా గుర్తించే అవకాశం ఉంది. కొందరికి దద్దుర్లు వస్తాయి, కొందరికి ఊపిరాడదు. అందుకే సూది వేసిన తరువాత గంటసేపు పిల్లవాణ్ని కదలనివ్వరు, అలాంటిది జరిగితే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ మందును పక్కనే సిద్ధంగా ఉంచుతారు. పైకి ఏ దద్దురూ రాకుండానే శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలు ఎంజైమ్‌ను నిర్వీర్యం చేసే సందర్భాలు కూడా ఉన్నాయి, నా దృష్టిలో ఎక్కువ భయపడవలసింది దానికే. దాన్ని పట్టుకోవడానికి రక్తంలో ఎంజైమ్ బలాన్ని కొలుస్తారు, మిల్లీలీటరుకు కనీసం 0.1 యూనిట్ ఉండాలని చూస్తారు. ఇ. కోలై మందు పడనివారికి ఎర్వీనియా అనే, దుంపలనూ కూరగాయలనూ కుళ్ళబెట్టే బాక్టీరియా నుంచి తీసిన ఆస్పరాజినేజ్ ఉంది. ఎంజైమ్‌కు పాలిఇథిలీన్ గ్లైకాల్ పోగులు తగిలించిన పెగ్ ఆస్పరాజినేజ్ మరొకటి. మామూలు ఇ. కోలై మందు బలం రక్తంలో ఒకటిన్నర రోజు గడవక ముందే సగానికి పడిపోతే, పెగ్ రకానికి అదే జరగడానికి దాదాపు అయిదారు రోజులు పడుతుంది కనుక సూదుల సంఖ్య తగ్గుతుంది, ఖరీదు మాత్రం ఎక్కువ.

ఈ మందు కాలేయం తయారుచేసే మాంసకృత్తులను కూడా తగ్గిస్తుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసినవీ, గడ్డకట్టకుండా ఆపేవీ రెండూ తగ్గుతాయి. అందువల్ల ఈ మందు నడుస్తున్న రోజుల్లో పిల్లవాడికి విడవని తలనొప్పి, వాంతులు, మూర్ఛ, ఒక చేయి లేదా కాలు వాయడం వంటివి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కడుపు పైభాగంలో మొదలై వీపులోకి పాకే నొప్పి వస్తే క్లోమం వాచిందేమోనని అనుమానించాలి. ఈ రెండు మాటలూ మా మేనకోడలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

పథ్యం సంగతికి మళ్ళీ వస్తాను. జూన్ మొదటి వారంలో ఒక పరీక్ష కోసం తీసిన రక్తాన్ని ల్యాబ్ అబ్బాయి యంత్రంలో వేగంగా తిప్పి, సీరం వేరుపడిన నాళికను నాకు చూపించాడు. లేత పసుపురంగులో తేటగా ఉండవలసిన సీరం పలచని పాలలాగా తెల్లగా ఉంది. ఆస్పరాజినేజ్, స్టెరాయిడ్ కలిసి నడుస్తున్నప్పుడు రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వులు ఇలా పెరగడం తెలిసిన విషయమే. డాక్టరు కొన్ని రోజులు నూనె, నెయ్యి, వేపుళ్ళు బాగా తగ్గించమన్నారు, చక్కెర కూడా పెరుగుతోందేమో చూస్తామన్నారు. మొత్తం వైద్యంలో ఎంజైమ్ కారణంగా ఆయన చెప్పిన పథ్యం ఇదొక్కటే. పప్పు మానమనలేదు, గుడ్డు మానమనలేదు, పైగా బాగా ఉడికిన గుడ్డు రోజూ పెట్టమన్నారు. తెల్లకణాలు తగ్గి ఉన్నందున పచ్చివి ఏవీ పెట్టవద్దన్నారు. పచ్చి మొలకలు వద్దనడానికి కారణం వాటిలోని ఆస్పరాజిన్ కాదు, వాటి మీద ఉండే సూక్ష్మజీవులు. అవే పెసలు రుబ్బి, పెనం మీద రెండు వైపులా కాల్చి పెడితే ఏ అభ్యంతరమూ లేదు.

ఆ వాట్సాప్ పట్టికకు మూలం ఏదై ఉంటుందో వెతికాను. 2018లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. రొమ్ము క్యాన్సర్ ఉన్న ఎలుకలలో ఆస్పరాజిన్‌ను తగ్గించినప్పుడు ఆ క్యాన్సర్ ఇతర భాగాలకు పాకడం తగ్గిందని అందులో రాశారు. అది మంచి పరిశోధన, కాని అది ఎలుకల గురించి, వేరే క్యాన్సర్ గురించి. అక్కడి నుంచి అది వార్తగా, వార్త నుంచి పట్టికగా, పట్టిక నుంచి మా అక్క వంటింట్లో నిషేధంగా మారింది. పంపినవారి మీద నాకు కోపం లేదు. మనవైపు జబ్బు అనగానే ముందు అడిగేది పథ్యం గురించే. ఏదో ఒకటి మానేస్తే బిడ్డ కోసం మనమూ ఏదో చేస్తున్నామన్న ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం అవసరమే కాని, దాని ఖరీదును బిడ్డ కడుపు చెల్లించకూడదు.

ఆస్పరాజినేజ్ ఒంటరిగా ఈ జబ్బును నయం చేయదన్నది కూడా చెప్పాలి. దానితోపాటు పిల్లవాడికి ఎక్కించిన విన్‌క్రిస్టిన్‌ను మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు మొక్క నుంచి కనుగొన్నారు. ఈ జబ్బుకు వాడే మరో మందు మెథొట్రెక్సేట్‌కు తోబుట్టువైన అమినోప్టెరిన్‌తో 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు తొలిసారి తాత్కాలికంగానైనా ఉపశమనం చూపించగలిగాడంటే, ఆ మందును అందించిన లెడర్లీ ప్రయోగశాల బృందానికి నాయకత్వం వహించినవారు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పేరు చెప్పినప్పుడు మా అక్క చేతులు జోడించింది. అప్పట్లో దాదాపు అందరు పిల్లలనూ బలితీసుకున్న ఈ జబ్బు నుంచి, ఇప్పుడు వైద్యం పూర్తిగా అందే దేశాలలో పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బయటపడుతున్నారు.

ఆ ఉదయం మాటలయ్యాక మా అక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. పెసలు ముందురోజు రాత్రే నానబెట్టి ఉంచింది, వెయ్యాలా వద్దా అని తేల్చుకోలేకపోయినా. అల్లం, జీలకర్ర వేసి రుబ్బి, పచ్చిమిర్చి మాత్రం తగ్గించింది, వాడి నోట్లో అప్పటికి పుండ్లు ఉన్నాయి. వాడు గచ్చు మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని ఒకటిన్నర తిన్నాడు. మిగిలిన సగం దాచమని, రాత్రి లేచినప్పుడు తింటానని చెప్పాడు.

గోడమీది తెలుగు క్యాలెండర్‌లో మా అక్క సూది వేసిన తేదీలను ఎర్ర పెన్సిల్‌తో చుట్టి ఉంచేది. ఆ రోజు నుంచి ప్రతి గడిలో తిథి పక్కన వాడు ఏమి తిన్నాడో కూడా రాయడం మొదలుపెట్టింది. ఇడ్లీ మూడు, గుడ్డు ఒకటి, పప్పన్నం, పెసరట్టు ఒకటిన్నర. మందు మోతాదులు శరీర వైశాల్యాన్ని బట్టి లెక్కిస్తారు కనుక ప్రతిసారీ ముందు బరువు చూస్తారు. జులైలో విజయవాడ వెళ్ళినప్పుడు ఆ క్యాలెండర్ కాగితాలను చింపి సంచిలో పెట్టుకుని తీసుకువెళ్ళింది. డాక్టరు వాటిని ఒక్కొక్కటిగా తిరగేసి చదివి, పిల్లవాణ్ని తూకం మీద నిలబెట్టి, 17 కిలోల 200 గ్రాములని కేసు కాగితం మీద రాశారు.